మిగిలిన సగం మాట

ఆషాఢ బహుళ తదియ

తెల్లవారినప్పటి నుంచి వాన. మిద్దెల మీది తొట్లన్నీ నిండాయి. తొట్లు నిండిన రోజు నీటి మీద తేలే మా ఊరు నావపాడు బరువెక్కి జానెడు కిందికి దిగుతుంది. సముద్రం మా గడప మెట్టును తాకుతుంది. ఊరగాయ జాడీలు అటకెక్కించి, గడపకు అడ్డంగా చెక్క దించాను.

మధ్యాహ్నం హిమజ వేళ కాని వేళలో ఇంటికి వచ్చింది. నా కూతురి కూతురు. దాని తల్లి ఉప్పు పడవల మీద పని చేస్తుంది కనుక పెంచింది నేనే. ఊరి వంటశాలలో వంట చేస్తుంది. ఈ ఊళ్ళో అందరూ తినేది దాని చేతి వంటే. వడ్డించాను. రెండో ముద్ద దగ్గర ఏదో చెప్పబోయింది.

"భోజనం మధ్యలో మాటలేమిటే?" అన్నాను.

మా ఇంట్లో అది నియమం. కంచం ముందు కూర్చున్నాక, చెయ్యి కడుక్కునే దాకా మాట ఉండదు. నలభై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినా, ఇంట్లో నేను చెప్పిన మొదటి పాఠం ఇదే.

మజ్జిగ దాకా ఆగింది. చెయ్యి కడుక్కుని వచ్చి, నా ముందు కూర్చుని, అరచెయ్యి తిప్పి చూపించింది. బారసాల రోజున చర్మం కింద పెట్టే చుక్క ఇన్నేళ్ళూ ఆకుపచ్చగా ఉండేది. ఇవాళ ఎర్రగా ఉంది.

"ఏమిటే ఇది?"

"ఊళ్ళో జ్వరాలు నా వల్లేనట అమ్మమ్మా. మరుగుదొడ్డికి వెళ్ళి చేతులు కడుక్కోకుండా వచ్చి వంట చేశానట. కుళాయి దగ్గరి కన్ను అలా లెక్క రాసిందట."

"కడుక్కున్నావా?"

"అమ్మమ్మా!"

"అడిగినదానికి జవాబు చెప్పు."

"కడుక్కున్నాను. అందరికంటే ఎక్కువసార్లు కడుక్కున్నాను."

నమ్మాను. ఇది అబద్ధం చెప్పేటప్పుడు చెవి తడుముకుంటుంది. ఇవాళ తడుముకోలేదు.

చుక్క ఎర్రబడితే వంటశాల తలుపు తెరుచుకోదు, సభా మందిరం గీత దాటనివ్వరు. శ్రావణ పౌర్ణమి పోటుకి వేరు పడవ వస్తుంది. ఎర్రచుక్క వాళ్ళను ఎక్కించుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగ అవతలికి తీసుకుపోతుంది. ఏడాది దాకా తీసుకురాదు. కిందటేడు వెళ్ళినవాళ్ళలో ఇద్దరు అసలు తిరిగి రాలేదు.

ఈ ఎరుపు పెట్టినవాడి పేరు ఇక్కడ రాసుకుంటున్నాను. వల్లభరావు. ఊరి పరిశుభ్రతాధికారి.

ఆషాఢ బహుళ షష్ఠి

ఇవాళ విచారణ. పేరుకే విచారణ. సభా మందిరం గుమ్మం దగ్గర మేము తెల్లగీత ఇవతల నిలబడ్డాం. వల్లభరావు అవతల కుర్చీలో కూర్చున్నాడు.

"చూడమ్మాయ్, మన ఊళ్ళో కుళాయికి పిడి లేదు, తలుపుకి గొళ్ళెం లేదు. ఎందుకు లేవు? ఒకరు ముట్టింది ఇంకొకరు ముట్టకూడదని. చెయ్యి పెడితే నీళ్ళు వస్తాయి, సబ్బు వస్తుంది. అద్దం మీది కన్ను లెక్క రాసుకుంటుంది. ఇంత చేసి పెడితే కడుక్కోవడానికి కూడా బద్ధకమేనా?"

"నేను కడుక్కున్నాను సార్. నా చెయ్యి నేను చూసుకున్నాను కదా!"

"కన్ను చూడలేదు కదమ్మా."

వెనక బెంచీల్లో నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా నాకు తెలుసు. వాళ్ళ సంగతి తర్వాత.

తిరుగుదారిలో వంటశాల పెద్ద సూరయ్య ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి నెత్తిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పంతులమ్మగారూ, ఈ పిల్ల చేతులు కడుక్కోలేదంటే నేను స్నానమే చెయ్యలేదన్నట్టు. పోపులో కరివేపాకు వేసినా పోయి కడుక్కొచ్చేది. నేనే తిట్టేవాణ్ణి, అరచేతులు అరిగిపోతాయే అని."

ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. అన్నిసార్లు కడుక్కున్న పిల్లను కన్ను ఒక్కసారైనా చూడకపోవడమేమిటి? తప్పు అప్పుడప్పుడూ జరిగితే పొరపాటు. ప్రతిసారీ జరిగితే దానికో సూత్రం ఉండి తీరాలి.

ఆషాఢ బహుళ దశమి

సూత్రం దొరికింది.

పొద్దున్న హిమజను పెరటి గట్టు దగ్గర నిలబెట్టి, "వంటశాలలో ఎలా చేస్తావో అలాగే చేసి చూపించు. ఒక్కటీ మార్చకు," అన్నాను.

ఎడమ చేతిలో గరిటె పట్టుకుంది. లేని పులుసు ఉన్నట్టు ఊహించుకుని, గరిటెతో ఒక్క చుక్క కుడి అరచేతిలో వేసుకుని, నాలికతో ఉప్పు చూసింది. వెంటనే గట్టు దగ్గరికి వచ్చి కుడి చెయ్యి కడుక్కుంది. ముందూ వెనకా వేళ్ళ సందులూ బొటనవేలితో గట్టిగా రుద్దుకుంది. గరిటె మాత్రం ఎడమ చేతిలోనే ఉంది.

"గరిటె కింద పెట్టవేం?"

"కింద పెడితే సూరయ్య బాబాయ్ ఊరుకోడు. గరిటె గిన్నెలోనైనా ఉండాలి, చేతిలోనైనా ఉండాలంటాడు. అయినా ఎంగిలైంది కుడి చెయ్యే కదా అమ్మమ్మా. ఎడమ చెయ్యి ఎందుకు కడగాలి?"

నిజమే. ఎందుకు కడగాలి? నా తల్లి అలాగే కడిగింది, నేనూ అలాగే కడుగుతాను. తిన్న చెయ్యి తిన్నదే, ఎడమ చెయ్యి చెంబు పట్టుకోవడానికి.

రేవు దగ్గరి ఆడవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్ళాను. కుడి చెయ్యి ఒక్కటే పెట్టి, సబ్బు నురగ మోచేతి దాకా వచ్చేట్టు కడిగాను. బయట లెక్క చూపే పలక ముందు అరచెయ్యి చూపిస్తే, "కడుక్కోలేదు" అని పడింది. మళ్ళీ వెళ్ళి, సబ్బు అసలు వాడకుండా రెండు అరచేతులూ నీళ్ళకింద పెట్టి ఒకదానితో ఒకటి రెండుసార్లు రాశాను. "కడుక్కున్నారు" అని పడింది. నమ్మకం కోసం పగలంతా తిప్పి తిప్పి చేశాను. ఒక్కసారీ లెక్క తప్పలేదు.

ఆ కన్ను శుభ్రాన్ని చూడదు. రెండు అరచేతులు కలిశాయా లేదా అని చూస్తుంది, అంతే. చెంచాతో తినేవాళ్ళెవరో ఎక్కడో తయారు చేసి ఉంటారు. ఒక్క చెయ్యి మాత్రమే ఎంగిలి అయ్యే మనుషులు ఉంటారని వాళ్ళకు తెలియదు. మరుగుదొడ్డికి వెళ్ళినవాళ్ళు రెండూ కడుగుతారు కనుక ఊళ్ళో ఎవరికీ ఇది పట్టుబడలేదు. భోజనాల చేతులు కడిగే తొట్టి దగ్గర కన్ను లేదు. వంటశాల పక్క మరుగుదొడ్డి కుళాయి దగ్గర ఉంది, ఇది ఉప్పు చూసినప్పుడల్లా కడిగేది అక్కడే. పట్టుబడింది నా పిల్ల ఒక్కతే.

ఆషాఢ అమావాస్య

వల్లభరావు దగ్గరికి వెళ్ళాను. అతని కార్యాలయం సభా మందిరం పై అంతస్తులో ఉంది. గాలి బాగా వస్తుంది. టిఫిను చేస్తున్నాడు, పెసరట్టూ అల్లం పచ్చడీ. కూర్చోమనలేదు.

"మీరు చదువుకున్నవారు, విషయం పూర్తిగా వింటారని వచ్చాను. మీ కన్ను కడిగిన చేతిని చూడటం లేదు. అది చూసేది..."

పచ్చడి చెయ్యి పైకెత్తి ఆపాడు.

"పెద్దమ్మగారూ, మీ వయసుకు గౌరవం ఇస్తాను. కానీ మనవరాళ్ళ మీద ప్రేమతో శాస్త్రాన్ని మార్చేయకూడదు. కన్ను తప్పదు. ఇంక దీని మీద ఒక్క మాట కూడా నేను వినను."

"సగమే విన్నారు."

"ఆ సగం చాలు లెండి."

లేచి మూలకు వెళ్ళాడు. అక్కడ ఒక ఇత్తడి కుళాయి ఉంది. పిడి ఉన్న కుళాయి! ముప్పై ఏళ్ళయింది నేను అలాంటిది చూసి. ఎడమ చేత్తో పిడి తిప్పాడు, కుడి చెయ్యి కడుక్కున్నాడు, ఎడమ చేత్తో కట్టేశాడు. వెనకాలే ఒక గుమాస్తా వచ్చి అదే పిడి తిప్పాడు. దగ్గుతూ తిప్పాడు.

మెట్లు దిగి, కింద కనబడ్డ సూరయ్యను అడిగాను, జ్వరం వచ్చినవాళ్ళలో మొదటివాళ్ళు ఎవరని. "పై అంతస్తు గుమాస్తాలేగా," అన్నాడు. హిమజ వంట మానేశాక కూడా ఇంకో ఇద్దరు పడ్డారట. వాళ్ళూ పై అంతస్తువాళ్ళే.

సభ పెద్ద ఇందుమతి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నదే. ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు. చెబితే ఒక సంఘం వేస్తారు, సంఘం పరీక్షిస్తుంది, వల్లభరావు "పొరపాటైంది" అంటాడు. అప్పటికి పౌర్ణమి పోటు వచ్చి వెళ్ళిపోతుంది. ఒకవేళ ముందే తేలినా, బెంచీల్లో నవ్విన నవ్వు ఎవరు తిరిగిస్తారు? నాకు న్యాయం ఒక్కటే చాలదు. ఆ పచ్చడి చెయ్యి నా ముందు మళ్ళీ లేవాలి, ఈసారి బతిమాలడానికి.

నా సగం మాట నా దగ్గరే భద్రంగా ఉంది.

శ్రావణ శుద్ధ పంచమి

ఊరంతా చాటింపు. ఇన్నాళ్ళూ కన్ను లెక్క రాసి ఊరుకునేది. ఇకమీదట తలుపే పట్టుకుంటుందట. కడుక్కోకపోతే తెరుచుకోదు, మళ్ళీ కడుక్కోమని చెబుతుంది. మూడుసార్లు తప్పితే అక్కడికక్కడే చుక్క ఎర్రబడుతుంది. తలుపులో మాట్లాడే గొంతు వల్లభరావుదే, తనే చదివి ఎక్కించాడట. ఊరు నీటి మీద తేలిన దినోత్సవం చతుర్దశి నాడు కదా, ఆ రోజే మందిరం పక్క మరుగుదొడ్డితో ప్రారంభోత్సవం.

దేవుడు ఉన్నాడో లేడో భౌతికశాస్త్రం తేల్చలేదు. ఇవాళ మాత్రం దీపం వెలిగించాను.

ఇందుమతి ఇంటికి వెళ్ళి ఒకటే సలహా ఇచ్చాను. "రిబ్బను పాతబడిన పద్ధతమ్మా. చేతులు కడిగే గది కదా, సహపంక్తి భోజనం పెట్టి, ఆ చేత్తోనే ఆయన మొదట కడుక్కుంటే ఎంత బాగుంటుంది! ఊరి తరఫున పట్టుపంచె పెడదాం. కట్టుకునే కూర్చుంటారు."

"మీకు ఆయన మీద కోపం ఉంటుందనుకున్నాను మేడమ్," అంది కళ్ళు చెమర్చి.

"కోపం వేరు, మర్యాద వేరు."

పట్టుపంచె నేనే ఎంచాను. మంచి జారుడు పట్టు, పొడుగు కుచ్చిళ్ళు. మరుగుదొడ్డి నేల ఎప్పుడూ తడే. పట్టుపంచె కట్టినవాడు తడి నేల మీద ఎడమ చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోకుండా నిలబడలేడు.

రాత్రి హిమజ అడిగింది, "ఏం చేస్తున్నావ్ అమ్మమ్మా?"

"వంట," అన్నాను.

శ్రావణ శుద్ధ త్రయోదశి

హిమజ బట్టలు మూట కట్టుకుంది. పడవ ఎల్లుండి తెల్లారి. దాని బదులు గరిటె పట్టిన ముగ్గురికీ ఈలోగా చుక్క ఎర్రబడింది, వాళ్ళూ అదే పడవ ఎక్కాలి. మూటలో గరిటె కూడా పెట్టుకుంది. తీసి పక్కన పెట్టాను.

"అక్కడా వండుకోవాలిగా," అంది.

"ఇక్కడే వండుతావు."

చెవి తడుముకుంది. "నాకు భయం లేదు అమ్మమ్మా."

శ్రావణ శుద్ధ చతుర్దశి

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పడవల మీద పెంచే తోటల నుంచి తెచ్చిన అరటాకులు వేశారు. వల్లభరావుకు నేనే వడ్డించాను. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. నెయ్యి మళ్ళీ వేశాను. పులిహోర. బూరె చిదిపి దాంట్లో కూడా నెయ్యి పోశాను. మణికట్టు దాకా జిడ్డు. తెల్లగీత అవతల, గుమ్మం బయట హిమజ నిలబడి చూస్తోంది. అది ఆ గీత దాటకూడదు.

"పెద్దమ్మగారి చేతి మహిమ!" అన్నాడు వేళ్ళు నాకుతూ. "చూశారా, మనసులో ఏమీ పెట్టుకోలేదు."

"తినేటప్పుడు మాట్లాడకండి," అన్నాను.

చప్పట్ల మధ్య లేచాడు. కుడి చెయ్యి గాల్లో, ఎడమ చేతిలో పట్టు కుచ్చిళ్ళు. గది ముందుకు రాగానే తలుపు తనంతట తెరుచుకుంది, లోపలికి వెళ్ళగానే మూసుకుంది. నీళ్ళ చప్పుడు. తలుపు పైన పలక వెలిగింది.

కడుక్కోలేదు. ఒకటి.

అతని గొంతే అతనికి చెప్పింది: "మీరు చేతులు కడుక్కోలేదు. సిగ్గుపడకుండా మళ్ళీ కడుక్కోండి."

"ఓరి నాయనో, ఆయన్నాయనే తిట్టుకుంటున్నాడు!" అన్నాడు సూరయ్య. ఆ తర్వాత నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు. నవ్వినవాళ్ళను గుర్తుపట్టాను. ఆ బెంచీలవాళ్ళే. వాళ్ళ బాకీ అక్కడికి చెల్లు.

ఈసారి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. సబ్బు డబ్బా బుస్సు బుస్సుమంది. పాపం, చాలా బాగా కడిగి ఉంటాడు.

కడుక్కోలేదు. రెండు.

"ఇది చివరి అవకాశం," అంది గొంతు.

లోపల నీళ్ళు ఆగిపోయాయి.

గుమ్మం బయట నుంచి హిమజ పిలిచింది. గీత దగ్గరికి వెళ్ళాను. "చెప్పేయ్ అమ్మమ్మా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా." దాని మణికట్టు పట్టుకుని అరచెయ్యి దానికే చూపించాను. గీత నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇందుమతిగారూ!" లోపలి నుంచి కేక. "మిషన్‌లో ఏదో తేడా ఉందండీ! నేను కడుక్కున్నాను! నా చెయ్యి నేను చూసుకున్నాను కదా!"

మందిరంలో నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఇంతకు ముందు ఎక్కడ విన్నారో అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. తలలు గుమ్మం వైపు తిరిగాయి.

తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "కన్ను చూడలేదు కదండీ," అన్నాను.

"ఎవరది?"

"పెద్దమ్మగారిని."

"మీకు... మీకేమైనా తెలుసా దీని గురించి?"

"ఆ రోజు చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు. మిగిలిన సగం మాట నా దగ్గరే ఉంది. అది వింటే తలుపు తెరుచుకుంటుంది."

"చెప్పండి, చెప్పండి!"

"ముందు మా పిల్ల ఎరుపు తీయండి."

"అది సభలో పెట్టి, పద్ధతి ప్రకారం..."

"సరే, మూడోసారి కడుక్కోండి అయితే. పొద్దున్నే పడవ. తోడుగా మా అమ్మాయి ఉంటుంది. వంట బాగా చేస్తుంది, మీకేం లోటుండదు."

లోపల దేనికో చెయ్యి తగిలిన చప్పుడైంది. ఫోను తీసి ఉంటాడు. ఎర్రచుక్క రద్దు చెయ్యడానికి పనికొచ్చేది ఈ ఊళ్ళో అతని వేలిముద్ర ఒక్కటే. అతని చుక్క ఇంకా ఆకుపచ్చగానే ఉంది, ఎర్రబడితే ఆ వేలిముద్ర చెల్లదు. అందుకే రెండు తప్పులకూ మూడో తప్పుకూ మధ్య ఉన్న ఈ సందులోనే బేరం పెట్టాను.

హిమజ అరచేతి వైపు చూశాను. ఎరుపు మెల్లగా చల్లారింది. ఆకుపచ్చ వెలిగింది.

"మిగతా ముగ్గురిదీ," అంది హిమజ గీత అవతలి నుంచి.

"మిగతా ముగ్గురిదీ!" అన్నాను గట్టిగా. "పై అంతస్తులో ఇత్తడి కుళాయి కూడా. పిడి ఉన్నది. దాన్ని పీకి రేవులో పడేస్తామని చెప్పండి, అందరూ వినేట్టు."

ఏ ఇత్తడి కుళాయి అని ఇందుమతి నా వైపు తిరిగింది. గుమాస్తాలు నేల చూశారు. జ్వరాలు ఎక్కడి నుంచి దిగాయో ఆమెకు విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. నా దగ్గర చదువుకున్నది కదా.

అతను చెప్పాడు. ముగ్గురిదీ తీశాడు, కుళాయి సంగతీ చెప్పాడు, హిమజ చేతులు కడుక్కుందనీ చెప్పాడు. గొంతు తలుపులోంచి వచ్చేసరికి అది కూడా మిషన్ మాటలాగే వినిపించింది.

"ఇప్పుడు... ఆ సగం మాట చెప్పండి పెద్దమ్మగారూ. దండం పెడతాను."

తలుపుకున్న మసక అద్దం వెనక అతని కుడి చెయ్యి పైకి లేచింది. అదే చెయ్యి.

"చెబుతాను," అన్నాను. "మాట తప్పడం నాకు తెలియదు. ఒక్క అయిదు నిమిషాలు. వడ్డన పనిలో పడి నేనింకా భోంచెయ్యలేదు."

హిమజ గీత దాటి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. సూరయ్య తన చేతిలోని గరిటె తీసి దాని చేతికిచ్చాడు. నాకు ఆకు వేసి, నీళ్ళు చల్లి, పప్పు వడ్డించింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మొదటి ముద్ద కలిపాను.

"పెద్దమ్మగారూ!" తలుపు మీద దెబ్బలు. "వింటున్నారా?"

ఇందుమతి వచ్చి పక్కన వంగింది. "మేడమ్, పాపం ఆయన..."

ఆకు వైపు చూపించాను.

"మీకు తెలియదేమో," అన్నాడు సూరయ్య చాలా గంభీరంగా. "పంతులమ్మగారింట్లో భోజనం మధ్యలో మాటలుండవండీ. ఇల్లంటుకున్నా సరే."

పప్పన్నం అయింది. పులిహోర అయింది. తలుపు మీద దెబ్బలు తగ్గి, బతిమాలడం మొదలైంది. పెరుగు గిన్నె పట్టుకుని హిమజ నా ఎదుట నిలబడింది. ఆ తదియ నాడు అరచేతిలో ఎరుపు పెట్టుకుని నోరు మూసుకుని మజ్జిగ దాకా ఆగిన పిల్ల. తలుపు వైపు ఒకసారి చూసింది. నా వైపు చూసింది. దీనికి జాలి ఎక్కువ, చెప్పేయమంటుందనుకున్నాను.

"మారన్నం పెట్టనా అమ్మమ్మా?" అంది.

తల ఊపాను. పులిహోర కూడా ఇంకొంచెం తెమ్మని వేలితో చూపించాను.